నెలకోసారి ఒకే ఇంటివాళ్ళం

హిందూపురం
జూన్ 12

ధర్మవరం పట్టుచీరల మహారాణి మాధవీలతకు హిందూపురం జాకెట్ల షహీన్ చేసుకునే ఫిర్యాదు.

ఉత్తరం చూసి ఎవరో పోయారనుకోకు. అందరం బాగున్నాం. మా ఆయన ముబారక్ ఆటో కూడా బాగుంది, మా ఇంట్లో ఎక్కువ మర్యాద దానికే. నీకు ఫోన్ చేద్దామంటే మీ ఇంటి ఫోన్ చెవి స్పీకర్ పోయి ఏడాదయింది, ఊరంతా వినేలా పెట్టి మాట్లాడతావు. నేనిక్కడ తుమ్మితే అక్కడ మీ అత్త చౌడమ్మగారు చిరంజీవ అంటుంది. మెసేజ్ పెడదామంటే ఆ ఫోన్ నీ చేతిలో కంటే మీ ఆయన ఉదయ్ కుమార్ జేబులోనే ఎక్కువసేపు ఉంటుంది. అందుకని పోస్టాఫీసుకు పోయి ఐదు రూపాయల కవరు కొన్నాను. మొదటి కవరు ఉచితం, రెండోదాని నుంచి నూట నలభై తొమ్మిది అనలేదు ఆ కౌంటర్లో మనిషి. నా పుట్టినరోజు కూడా అడగలేదు. ఇంత మర్యాదగల కంపెనీ ఇంకా బతికుందని నాకు తెలియదు.

సంగతేమిటంటే, మన కనువిందు యాప్ వాడు మనల్ని పట్టేసుకున్నాడు. రెండేళ్ళుగా నా ఖాతా మీద నేనిక్కడ, నువ్వక్కడ సీరియళ్ళు చూస్తున్నాం కదా. కొన్న రోజు వాడు మూడు ప్లాన్లు చూపించాడు. మొదటిది ఫోన్లో మాత్రమే, బొమ్మ మసక. రెండోది టీవీలో, కానీ ఒకే తెర. మూడోది నాలుగు తెరలు, రెండోదాని కంటే ముప్పై రూపాయలే ఎక్కువ. నాకున్నది రెండు కళ్ళు, నాలుగు తెరలెందుకు? అయినా ముప్పై రూపాయలకే మూడు తెరలు కలిసొస్తున్నాయని మురిసిపోయి కొన్నాను. తర్వాత అర్థమయింది, ఆ రెండోది అమ్మడానికి పెట్టలేదు, మూడోదాన్ని చవకగా కనిపించేలా చేయడానికి పెట్టాడు. మిగిలిన తెరలు వృథా ఎందుకని నీకొకటి ఇచ్చాను. అప్పుడు 'మీవాళ్ళతో కలిసి చూడండి' అని వాడే అన్నాడు. మనకు అలవాటయ్యేదాకా ఆగి, ఇప్పుడు అదే నేరమంటున్నాడు.

మీ టీవీలో 'ఖాతాదారుని సంప్రదించండి' అని వచ్చి ఉంటుంది. నా ఫోన్‌కు అసలు మెసేజ్ వచ్చింది. ధర్మవరంలో ఉన్న టీవీ నా ఇంటిది కాదట, ఒకే ఇంటివాళ్ళే చూడాలట. ఒకే ఇంటివాళ్ళమని రుజువు చేయాలంటే ముప్పై ఒక్క రోజులకోసారి టీవీ వెనక గుచ్చుకునే మన రెండు స్టిక్కులూ ఒకే వైఫైకి తగిలించి, ఒక నిమిషం ఏదైనా చూడాలి. వైఫై మా ఇంట్లో లేదు, మీ ఇంట్లో లేదు. ఫోన్ డేటాతో టీవీ నడుపుకునే జాతి మనది. వైఫై ఉన్న షావుకారు మేరీ ఒక్కతే. పెనుకొండ హాస్టల్లో మన పక్క మంచం మేరీ, ఇప్పుడు అదే ఊళ్ళో నర్సు. అడిగితే, స్టిక్కులతోపాటు బియ్యం కూడా తెచ్చుకోమంది. పెనుకొండ నీకు నలభై కిలోమీటర్లు, నాకూ దాదాపు అంతే. వస్తావా?

నీ
షహీన్


ధర్మవరం
జూన్ 18

ఏమే షహీన్,

ఉత్తరం తెచ్చిన జగదీష్ మా గుమ్మంలోనే నిలబడ్డాడు. బ్యాంకు నోటీసు కానిది మా వీధికి తెచ్చి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తు లేదట. లోపల ఏముందో తెలుసుకునేదాకా కదలడేమో అని మజ్జిగ ఇచ్చి పంపాను.

పెనుకొండకు రావాలని నాకు లేదా? ఏమని చెప్పి రావాలి, అది చెప్పు ముందు. పెళ్ళికంటే పంపుతారు. చావుకంటే పంపుతారు. ఆసుపత్రికి, దేవుడికి, రేషన్ కార్డు వేలిముద్రకు బస్సెక్కవచ్చు. స్నేహితురాలిని చూసొస్తానంటే 'ఏం పనుండాది?' అని అడుగుతారు. తిట్టరు, వద్దనరు, ఆ ఒక్క మాట అడిగి ఊరుకుంటారు. దానికి నా దగ్గర జవాబుండదు. పెళ్ళయి పదిహేనేళ్ళలో నీ గడప ఒక్కసారే తొక్కాను, అదీ మీ అమ్మ పోయిన రోజు.

ఈసారి జవాబు నీ కంపెనీవాడే ఇచ్చాడు. నేనూ ఆయనా మగ్గం మీద ఉంటే మా అత్త రాట్నం ముందు కూర్చొని కండెలు చుడుతూ రాజకోట సీరియల్ చూస్తుంది కదా. పన్నెండో భాగం చివర రాణి బావి గట్టు మీద నిలబడింది, వెనక నుంచి ఒక చెయ్యి వచ్చింది. అంతే, తెర నల్లబడింది, ఖాతాదారుని సంప్రదించమన్నాడు. మా అత్త రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చెయ్యి ఎవరిదో ఆమె అప్పటికే తేల్చేసింది, చీర అంచు చూసి. అది పవర్‌లూమ్ అంచట. రాజుగారింట్లో పవర్‌లూమ్ కట్టేది దాసీదే, కాబట్టి తోసేది దాసీదే. కానీ రూఢి కావాలి.

పెనుకొండలో స్టిక్కు తగిలిస్తే మళ్ళీ వస్తుందని చెప్పాను. ఒక రోజు మగ్గం ఆగుతుందే అని ఆయన గొణిగాడు. మగ్గాలకు అమావాస్య సెలవు, ఆ రోజు పోతానన్నాను. అమావాస్య పూట ఎవరన్నా ఊరు దాటుతారా అని మా అత్త గుండె మీద చెయ్యేసుకుంది. అరగంట రాట్నం తిప్పింది. తర్వాత ఆమే అనింది, "పయనమంటే పరాయి ఊర్లో నిద్ర చేసేది. పొద్దున పోయి మాపటికి వచ్చేది పయనం కాదులే." నలభై ఏళ్ళ నమ్మకాన్ని ఒక బావి గట్టు కూల్చింది షహీన్.

ఇరవై అయిదున వస్తున్నాను. నా సంచిలో స్టిక్కు, దాని పక్కన మా అత్త పెట్టిన నిమ్మకాయ ఉంటాయి. నవ్వితే చంపుతా.

మాధవి


హిందూపురం
జులై 2

అమావాస్య అతిథికి,

నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. మేరీ టీవీకి రెండు స్టిక్కులూ తగిలించగానే 'మీ ఇంటికి స్వాగతం' అని వచ్చింది చూశావా? సాలెవాళ్ళ కోడలు, సాయిబుల కోడలు, చర్చిలో పాడే నర్సు. ఏ అధికారి ముందు నిలబడి చెప్పినా మనల్ని ఒకే ఇంటివాళ్ళని రాసుకోడు. వీడు నిమిషంలో రాసేసుకున్నాడు. లాభం కోసమే అనుకో, అయినా రాసుకున్నాడు.

నువ్వు మేరీ మంచం మీద గోడకు ఆనుకొని రెండు గంటలు ఏ పనీ లేకుండా కూర్చున్నావు. కాళ్ళు మాత్రం మగ్గం తొక్కుతున్నట్టు కదులుతూనే ఉన్నాయి. మేరీ వాటి మీద దిండు పెట్టి, ఇది నర్సు ఆజ్ఞ అంది. హాస్టల్ వార్డెన్ నడక మేరీ నడిచి చూపిస్తే నాకు కడుపు నొప్పి పుట్టింది. మా అమ్మ పోయాక నేను అలా నవ్వింది అదే మొదటిసారి. ఇంట్లో ముబారక్ మంచివాడే, కానీ ఆయనకు జోకు చెబితే తర్వాత ఏమయింది అంటాడు.

ఇంకో సంగతి. కనువిందు వాడి విద్య నేను నేర్చుకున్నాను. నా కొట్టు ముందు కొత్త బోర్డు పెట్టాను. సాదా జాకెట్ నూటయాభై. లైనింగ్ జాకెట్ మూడువందల యాభై. లైనింగ్, పైపింగ్, వెనక తాళ్ళు, కుచ్చులు అన్నీ కలిపి మూడువందల ఎనభై. ఇన్నాళ్ళూ సగం మంది సాదా కుట్టించుకునేవాళ్ళు. ఇప్పుడు బోర్డు ముందు నిలబడి పెదాలు కదిలిస్తూ లెక్క వేసి, అందరూ మూడోదే అంటున్నారు. కుచ్చులకు నాకయ్యేది ఎనిమిది రూపాయలు. నేనేమీ చెప్పను, వాళ్ళే తెలివిగా కొన్నామనుకొని పోతారు. ఈ నెల నుంచే సభ్యత్వం పెడుతున్నాను. నెలనెలా కట్టాలి, రెండు జాకెట్లు కుట్టి ఇస్తాను, మొదటి నెల ఉచితం.

వచ్చే అమావాస్యకు గోంగూర తేవద్దు. నేను బిర్యానీ తెస్తుంటే పక్కన అది పెట్టి అవమానిస్తావు.

షహీన్


ధర్మవరం
జులై 28

సభ్యత్వాల షహీన్‌కు,

రెండోసారి కూడా క్షేమంగా చేరాను. నిమ్మకాయ ఎండిపోలేదు కాబట్టి పెనుకొండలో దిష్టి లేదని మా అత్త తీర్పు.

మా అత్తకు ఆ యాప్ మీద గౌరవం పెరిగిపోయింది. ఒక భాగం కాగానే ఐదు, నాలుగు, మూడు అని లెక్కపెట్టి తర్వాతది వాడే మొదలుపెడతాడు కదా. పెళ్ళి పంక్తిలో మనం విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేలోపు ఇంకో గరిటె వేసి పోయేవాడిలాంటివాడు వాడు. మా అత్త దాన్ని మర్యాద అనుకుంటుంది. "అడక్కముందే పెడతాడు, మా ఇంట్లో ఎవురన్నా పెడతారా అట్ల?" అని నా వైపు చూసింది. నిజానికి ఆపాలంటే రాట్నం వదిలి లేచి రిమోట్ వెతకాలి. ఆపకపోవడానికి ఏమీ చేయనక్కరలేదు. వాడి కిటుకంతా అంతే.

నేనూ ఒకటి నేర్చుకున్నాను, చెబితే నరకానికి పోతానేమో. ఈసారి అమావాస్య దగ్గరికి వచ్చేసరికి భాగాలు లెక్కపెట్టుకున్నాను. ముందురోజు సాయంత్రం సరిగ్గా ఎవరో విషం గిన్నె ఎత్తే చోట స్టిక్కు పీకేసి, గడువు అయిపోయిందట అత్తా అన్నాను. పొద్దున మా అత్తే నాకు టిఫిన్ కట్టి, బండి తప్పిపోతుందని తరిమింది. పదిహేనేళ్ళలో ఈ ఇంట్లో నన్ను ఎవరూ ఇంత ప్రేమగా బయటికి తరమలేదు.

ఆ ఒక్క రోజు కోసం నెలంతా నడుస్తున్నాను, సిగ్గు లేకుండా చెబుతున్నా. పోగు తెగితే విసుక్కోవడం తగ్గింది. ఇంకా పదకొండు రోజులే అనుకొని కట్టేస్తున్నాను.

మా ఆయన ఒకటి అడిగాడు. నిజంగానే పోకపోతే ఆగిపోతుందా, ఇంకో దారి లేదా అని. షహీన్ చెప్పింది అన్నాను. నీ మాట మీదే నడుస్తోంది ఈ బండి.

మాధవి


హిందూపురం
ఆగస్టు 28

మాధవీ,

మీ ఆయన అడిగినదానికి జవాబు. కంపెనీ నియమాలు చాంతాడంత ఉన్నాయి, చదువుతున్నాను, చెబుతాను. మూడో అమావాస్య బాగా గడిచింది కదా, అది చాలు ఇప్పటికి.

నా సభ్యత్వం కథ కంచికి పోయింది. మొత్తం ఐదుగురు చేరారు. మా వీధి చివర పాలు పోసే షంషాద్‌బీ కూడా చేరింది, మొదటి నెల ఉచితమని. ఉచితంగా రెండు జాకెట్లు కుట్టించుకుంది. ఆ తర్వాత కుట్టించుకోవడానికి ఆమె దగ్గర గుడ్డ లేదు. అయినా నెల పుట్టగానే పాల లెక్కలో నా సభ్యత్వం డబ్బు కోసేసుకున్నాను. మానేయాలంటే మంగళవారం రెండు నుంచి నాలుగు లోపల రసీదు తెచ్చి, కారణం చెప్పాలని నేనే నియమం పెట్టాను. కనువిందు వాడు రద్దు బటన్‌ను ఏడు తలుపుల వెనక దాచలేదా, అలాగే.

ఆమె శుక్రవారం వచ్చింది. రసీదు తేలేదు. కొట్టు ముందు క్యాను దించి, నడివీధిలో నిలబడింది. "రద్దు చేయనీకి నీ మంగళవారం దాకా నేనెందుకు ఆగల్ల? ఈడ నిలబడి అరిస్తే రద్దు కాదా?" అంది. అయింది. వెంటనే అయింది. ఆ కేక విని మిగతా నలుగురు కూడా అదే పద్ధతిలో రద్దు చేసుకున్నారు. ఎక్కడో ఉన్న కంపెనీవాడిని తిట్టాలంటే ఫోన్లో తొమ్మిది నొక్కి పాట వినాలి. నన్ను తిట్టాలంటే నాలుగు అడుగులు నడిస్తే చాలు. ఈ వ్యాపారంలో ముఖం కనిపించకూడదు, అది నాకు ముందు తట్టలేదు.

తర్వాత చల్లబడి టీ తాగుతూ ఇంకో మాట అంది. "నువ్వు అబద్ధం చెప్పలేదు షహీన్. నాకు తెలియాల్సింది చెప్పలేదు, అంతే. అదే ఇంకా అసయ్యంగా ఉండాది." ఆ మాట నాకు అరగడం లేదు. ఎందుకో మళ్ళీ రాస్తాను.

షహీన్


ధర్మవరం
సెప్టెంబర్ 22

షహీన్,

నిన్న నేను రాలేదు. మీరిద్దరూ ఎదురుచూసి ఉంటారు. ఫోన్ చేద్దామంటే ఇంట్లో అందరూ ఉన్నారు.

శనివారం మా ఆయన ఫోన్ పట్టుకొని నవ్వుతూ వచ్చాడు. దసరా ఆఫరట. ఏడాదికి ఒకేసారి కడితే అరవై శాతం తగ్గింపు, ఇంకా పద్నాలుగు నిమిషాలే ఉందని ఎర్ర అంకెలు కిందికి పరిగెత్తుతున్నాయట. ధర్మవరంలో ఇప్పుడే రెండువందల పన్నెండు మంది కొన్నారని కింద రాసి ఉందట. రెండువందల పదమూడోవాడు మా ఆయన. మా ఇంటికి సొంత ఖాతా కొనేశాడు. తర్వాత చూస్తే ఆ అంకెలు సున్నాకు వచ్చి, మళ్ళీ పద్నాలుగు నుంచి మొదలయ్యాయట. దానికే నొచ్చుకున్నాడు పాపం.

కొన్నది నా కోసం షహీన్. "నెలనెలా ఆ రైల్లో నిలబడి పోతాండావు, కాళ్ళు వాచి వస్తాండావు. ఇంగ ఆ బాధ లేదు" అన్నాడు. మంచి మాటే కదా అది. నేను నవ్వాలి, నవ్వాను. మా అత్త తాంబూలం అందుకున్నంత సంతోషపడింది.

నాకు నెలకు ఒక రోజు ఉండేది. అరవై శాతం తగ్గింపులో అది పోయింది.

మాధవి


హిందూపురం
సెప్టెంబర్ 29

మాధవీ,

ఆ రోజు మేరీ, నేను రెండు బండ్లు వచ్చేదాకా పెనుకొండ స్టేషన్లో కూర్చున్నాం. తెచ్చిన బిర్యానీ అక్కడే తిన్నాం, రుచి లేదు.

ఇది చదివాక నువ్వు నాకు మళ్ళీ రాయకపోవచ్చు. అయినా రాయాలి. జూన్‌లో నా ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌లో పెద్ద ఎర్ర బటన్ ఉంది, అందరూ ఒకే వైఫైకి రండి అని. ఆ సంగతి నీకు చెప్పాను. దాని కింద బూడిదరంగులో చీమ కాళ్ళంత అక్షరాలు కూడా ఉన్నాయి. ఖాతాదారు ఫోన్‌కు నాలుగంకెల కోడ్ పంపుతాం, అది దూరంగా ఉన్న టీవీలో కొడితే నెలరోజులు పనిచేస్తుందని. నెలకోసారి నేను నీకు ఫోన్ చేసి నాలుగంకెలు చెబితే సరిపోయేది. పెనుకొండ అక్కరలేదు, రైలు అక్కరలేదు. మేరీకి కూడా ఇది తెలియదు.

మొదటిరోజే చూశాను. చూసి దాచాను. నిన్ను చూడాలనిపించింది మాధవీ, అంతే. వచ్చి చూసిపొమ్మంటే నువ్వు రావు, నాకు తెలుసు. అందుకని పెద్ద బటన్ చూపించి, చిన్న అక్షరాలు దాచాను. కంపెనీవాడు నాకు చేసింది నేను షంషాద్‌బీకి చేశాను, ఆమె నడివీధిలో నిలబడి కడిగింది. అదే పని అంతకుముందే నీకు చేశాను, నువ్వు నాకు గోంగూర తెచ్చావు.

మీ ఆయన అడిగినప్పుడైనా చెప్పాల్సింది. సిగ్గుగా ఉంది.

షహీన్


ధర్మవరం
అక్టోబర్ 6

షహీన్,

నాలుగంకెలు!

అమావాస్య ముందు మూడు రోజులు పనంతా ముందే చేసి పెట్టుకున్నాను. మా ఆయనకు తప్పు చెప్పాను. ఆ ముసలామెను విషం గిన్నె దగ్గర ఆపి రాత్రంతా ఊపిరాడకుండా చేశాను. వాచిన నా కాళ్ళు చూసి జాలిపడి ఆయన ఏడాది ప్లాన్ కొన్నాడు. ఇదంతా నాలుగంకెలు నువ్వు నోరు విప్పి చెప్పనందుకు.

నాకు కోపం వచ్చింది, ఇంకా ఉంది. నిజం చెప్పి రమ్మంటే వచ్చేదాన్నే అని నిన్ను తిట్టాలని కూర్చున్నాను. ఆ వాక్యం రాయలేకపోయాను. వచ్చేదాన్ని కాదు. ఆ సంగతి నాకంటే ముందు నీకు తెలియడమే నాకు మంట.

ఇప్పుడు రాయకు.

మాధవి


హిందూపురం
అక్టోబర్ 15

మాధవీ,

రాయకు అన్నావు, ఒక్కటి రాసి ఆపేస్తాను.

కనువిందు రద్దు చేశాను. మొదట 'నిజంగా వెళ్ళిపోతున్నారా' అని అడిగాడు. తర్వాత నేను సగంలో వదిలిన సీరియళ్ళ బొమ్మలన్నీ వరసగా పెట్టి, వీళ్ళంతా మిమ్మల్ని తలుచుకుంటారు అన్నాడు. ఆ తర్వాత మూడు నెలలు సగం ధరకే అన్నాడు. చివర రెండు బటన్లు, 'ఉండిపోతాను' అన్నది పచ్చగా వెలుగుతూ, 'పోతాను' అన్నది కనిపించీ కనిపించకుండా. నాకు ఆ రంగు ఇప్పుడు బాగా తెలుసు, వెంటనే దొరికింది.

నేను నిన్ను అలా ఆపను. సగం ధరలు లేవు, హాస్టల్ ఫోటోలు పంపి ఏడిపించడం లేదు. నువ్వు రాయకపోతే నాకు అర్థమవుతుంది. చూడాలని మాత్రం ఉంటుంది. అది నీకు దాచను.

షహీన్


ధర్మవరం
నవంబర్ 11

షహీన్,

దీపావళి అమావాస్య ఇంట్లోనే గడిచింది. ఇల్లు కడిగాను, మగ్గం తుడిచాను, దీపాలు పెట్టాను. టీవీ నడుస్తూనే ఉంది. సొంత ఖాతా వచ్చాక దాన్ని ఆపేవాళ్ళు లేరు. మా అత్తకు రాజకోట అయిపోయింది, బావి దగ్గరి చెయ్యి దాసీదేనని ఆఖరి భాగంలో తేల్చారు. తెలిశాక ఆమె ముఖంలో సంతోషం లేదు. వెంటనే వాడు ఇంకో సీరియల్ మొదలుపెట్టాడు, ఇష్టమో కాదో అడక్కుండా చూస్తోంది.

నీ మీద కోపం ఎప్పుడు పోయిందో తెలియదు. నెలంతా మగ్గం మీద కూర్చొని ఒకటే అనుకున్నాను. నువ్వు దాచింది తప్పే. కానీ నువ్వు సాకు వెతికింది నా కోసం. కంపెనీ నియమం ఉందంటే ఇంట్లో అందరూ తలూపారు. నాకు స్నేహితురాలుంది అన్న మాట నేనే ఎప్పుడూ వాళ్ళ ముందు పెట్టలేదు. వాళ్ళు వద్దన్నారని నిందించడానికి కూడా లేదు, నేను అడిగితే కదా.

నిన్న మధ్యాహ్నం మగ్గం మీద ఉండగానే అడిగాను. అడగలేదు, చెప్పాను. వచ్చే అమావాస్యకు పెనుకొండకు పోతాండానని. టీవీ మళ్ళీ ఆగిపోయిందా అని మా ఆయన తలెత్తాడు. లేదన్నాను. మళ్ళ ఏం పనుండాది అన్నాడు, ఎప్పటిలాగే.

"పనేం లేదు. షహీన్ ఉండాది" అన్నాను.

పేక పోగు వేయడం ఆపాడు. ఇన్ని నెలలూ దానికేనా అన్నాడు. దానికే అన్నాను. సీరియల్ ఆగిపోతుందన్నది నిజం కాదని, నువ్వు నాకు దాచింది, నేను వాళ్ళకు దాచింది అన్నీ చెప్పేశాను. ఆయనకు కష్టం తోచింది, కనిపించింది నాకు. ఏడాది ప్లాన్ ఊరికే కొన్న్యానే అని మాత్రం గొణిగాడు. నాలుగు పోగులు వేశాక, ఎన్ని గంటల బండికి పోతావన్నాడు. అంతే షహీన్. పదిహేనేళ్ళు భయపడింది ఆ నాలుగు పోగుల సేపటికే.

మా అత్త రాట్నం ఆపి కూర్చుంది. టీవీలో ఎవరో ఏడుస్తున్నా అటు చూడలేదు. నేను విషం గిన్నె దగ్గర ఆపిన సంగతికి తిడుతుందనుకున్నాను. సాయంత్రం ఆయన బయటికి పోయాక వంటింట్లోకి వచ్చి, నేనూ వస్తా అంది. నాకు కాపలాకేమో అనుకున్నాను. కాదట. పెనుకొండలో కోట దిగువ పార్వతమ్మ అని ఒకామె ఉందట. పుట్టిన ఊరు తాడిమర్రిలో ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు, ఒకే ఏడాది పెళ్ళిళ్ళు. ఈమె ధర్మవరం వచ్చింది, ఆమె పెనుకొండ పోయింది. చూసి ముప్పై నాలుగేళ్ళయిందట. బతికుందో లేదో కూడా తెలియదట.

ఇరవయ్యో తేదీ పొద్దున బండికి ఇద్దరం వస్తాం. ఆమెను వెతకడానికి మేరీని సాయం అడుగు, ఊళ్ళో ముసలివాళ్ళంతా నర్సుకు తెలిసే ఉంటారు.

నలభై కిలోమీటర్లే కదత్తా, ఇన్నేళ్ళూ ఒక్కసారి కూడా ఎందుకు పోలేదని అడిగాను. ఆమె నా ముఖంలోకి చూసి, "ఏమని చెప్పి పోవల్లమ్మా?" అంది.

మాధవి